చైనీస్ విద్యార్థికి ఇంగ్లీషు ‘టు’ ఎందుకు కొరుకుడు పడదు?

క్లుప్తంగా: ఒక పని ఎందుకోసం చేశామో చెప్పేటప్పుడు ఇంగ్లీషు భాష, ఆ ‘కోసం’ అనే మాట తర్వాత వచ్చేది నామవాచకమా, క్రియా, పూర్తి ఉపవాక్యమా అని చూస్తుంది. దాన్ని బట్టి ‘ఫర్’, ‘టు’, ‘సో దట్’లలో ఒకటి వాడుతుంది. చైనీస్‌కు ఆ పట్టింపు లేదు. పదాల వరుసతోనో, ‘వెయ్‌ల’ అనే ఒక్క మాటతోనో పని జరిగిపోతుంది. చైనీస్ మాతృభాషగా గలవారు చేసే పొరపాట్లలో చాలావరకు ఈ తేడా నుంచి పుట్టినవే. ‘వెయ్‌ల’ అంటే ‘ఇన్ ఆర్డర్ టు’ అని బట్టీ పట్టించడం వాటిని ఇంకా పెంచుతోంది.

చైనాలో 2001 నుంచి ప్రాథమిక పాఠశాల మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతోంది. విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టాలంటే రాయాల్సిన గావ్‌కావ్ పరీక్షలో మొత్తం 750 మార్కులైతే అందులో 150 ఇంగ్లీషువి. 2024లో ఆ పరీక్షకు నమోదు చేసుకున్నవారు సుమారు 1.34 కోట్ల మంది. అన్నేళ్ల చదువు, అంత పోటీ ఉన్నా ఒక చిన్న వాక్యం దగ్గర మాత్రం తడబాటు తప్పడం లేదు. ‘చేపలు కొనడానికి బజారుకు వెళ్లాను’ అని రాయమంటే “ఐ వెంట్ టు ద మార్కెట్ ఫర్ బై ఫిష్” అని రాసేవారు ఉంటారు. ‘ఫర్’ కూడా లేకుండా “ఐ వెంట్ టు ద మార్కెట్ బై ఫిష్” అని ముగించేవారూ ఉంటారు. రావలసింది “టు బై ఫిష్”.

విచిత్రమేమిటంటే, ఇలా రాసిన విద్యార్థికే ఖాళీ ఇచ్చి బ్రాకెట్లో క్రియ పెడితే సరైన రూపం రాస్తాడు. అంటే నియమం తెలియక కాదు. సొంతంగా వాక్యం కట్టేటప్పుడు అతని చెయ్యి వేరే దారి పడుతోంది. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే రెండు భాషల పని తీరును పక్కపక్కన పెట్టాలి.

తర్వాత వచ్చేదాన్ని బట్టే ముందు మాట

ఒకే ఉద్దేశాన్ని ఇంగ్లీషులో మూడు విధాలుగా చెప్పి చూద్దాం. పాల కోసం దుకాణానికి వెళ్లాడు: ‘ఫర్ మిల్క్’. పాలు కొనడానికి వెళ్లాడు: ‘టు బై మిల్క్’. పిల్లలకు పాలు దొరకాలని వెళ్లాడు: ‘సో దట్ ద చిల్డ్రన్ కుడ్ హావ్ మిల్క్’. మనిషి ఒకడే, నడక ఒకటే, మనసులో ఉన్నదీ దాదాపు ఒకటే. అయినా నామవాచకం వస్తే ‘ఫర్’, వెళ్లినవాడే చేసే పని వస్తే ‘టు’, కర్తతో కూడిన పూర్తి ఉపవాక్యం వస్తే ‘సో దట్’. ఇక్కడ అర్థానికి పెద్ద ప్రమేయం లేదు. తర్వాతి మాట వ్యాకరణపరంగా ఏ జాతిదో అదే నిర్ణయిస్తుంది.

ఇవి కాక ఇంకో రెండు రూపాలున్నాయి. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు ‘ఫర్’ తర్వాత ‘ఇంగ్’ రూపం వస్తుంది: ‘ఎ నైఫ్ ఫర్ కటింగ్ బ్రెడ్’. అదే కత్తితో ఒక మనిషి చేసిన పనిని చెబితే మళ్లీ ‘టు’: ‘హి యూజ్డ్ ఎ నైఫ్ టు కట్ ద బ్రెడ్’. పని చేయాల్సింది మరొకరైతే ‘ఫర్’, ‘టు’ రెండూ కలిసి వస్తాయి: ‘ఫర్ ద చిల్డ్రన్ టు డ్రింక్’, అంటే ‘పిల్లలు తాగడానికి’.

ఈ ‘టు’ చరిత్ర కూడా గమనించదగ్గది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో అది దిక్కును సూచించే విభక్తి లాంటి మాట. ‘ఊరికి’ అన్నట్టే ‘చేయడానికి’ అనడానికీ దాన్నే వాడేవారు. దాని తర్వాతి క్రియ నామవాచకంలాగే విభక్తి ప్రత్యయం తగిలించుకునేది. కాలక్రమంలో ప్రత్యయం అరిగిపోయింది, ‘టు’ మాత్రం మిగిలింది. దాని బలం తగ్గిందనిపించిన మధ్యయుగాల్లో ‘ఫర్ టు’ అని రెండూ కలిపి రాసేవారు. ఐర్లండ్‌లోని కొన్ని మాండలికాల్లో అది ఇప్పటికీ వినిపిస్తుంది. ఈనాటి విద్యార్థి ‘ఫర్ టు బై’ అని రాస్తే ఆరేడు వందల ఏళ్ల కిందటి పండితులు తప్పు పట్టేవారు కాదు. పరీక్ష దిద్దేవారికి మాత్రం ఆ చరిత్రతో పని లేదు.

చైనీస్‌లో వరుసే వ్యాకరణం

ఇప్పుడు చైనీస్ వాక్యం. “వో ఛ్యూ ఛావోషి మాయ్ న్యూనాయ్”. మాటకు మాట పెడితే: నేను – వెళ్లు – సూపర్‌మార్కెట్ – కొను – పాలు. (చైనీస్ స్వరాల ఎత్తుపల్లాలను తెలుగు లిపి పట్టుకోలేదు. ఉచ్చారణ దగ్గరగా ఉంటే ఇక్కడికి చాలు.) ఈ వాక్యంలో ‘కోసం’ అనే అర్థమిచ్చే మాట ఒక్కటీ లేదు. ‘మాయ్’ అనే క్రియ రూపం మార్చుకోలేదు. చైనీస్ క్రియకు రూపం మార్చుకునే అలవాటే లేదు. కాలాన్ని బట్టి, కర్తను బట్టి, వాక్యంలో స్థానాన్ని బట్టి అది మారదు.

మరి పాలు కొనడమే వెళ్లడానికి కారణమని వినేవాడికి ఎలా తెలుస్తుంది? వెళ్లడం ముందు జరుగుతుంది, కొనడం తర్వాత జరుగుతుంది, మాటలూ అదే క్రమంలో వచ్చాయి. చైనీస్ పదక్రమం చాలా చోట్ల సంఘటనల కాలక్రమాన్నే అనుసరిస్తుందని భాషాశాస్త్రవేత్త జేమ్స్ తాయ్ 1985లో ప్రతిపాదించారు. ముందు జరిగేది ముందు, తర్వాత జరిగేది తర్వాత. ఉద్దేశం నెరవేరేది ఎప్పుడూ పని జరిగాకే కాబట్టి ప్రత్యేకంగా గుర్తు పెట్టాల్సిన అవసరం చైనీస్‌కు కనబడదు.

ఈ పొదుపు వల్ల ఒక సందిగ్ధత మిగులుతుంది. ‘అతను మోకాళ్ల మీద కూర్చొని బతిమాలాడు’ అనే అర్థంలో చైనీస్‌లో రెండు క్రియలు పక్కపక్కన వస్తాయి. ఇలాంటి వాక్యాన్ని నాలుగు రకాలుగా అర్థం చేసుకోవచ్చని 1981లో చార్లెస్ లీ, శాండ్రా థాంప్సన్ అనే వ్యాకరణవేత్తలు చూపించారు. బతిమాలడానికి కూర్చున్నాడు, కూర్చున్నాక బతిమాలాడు, బతిమాలుతూ కూర్చున్నాడు, కూర్చున్నాడు–బతిమాలాడు. సందర్భం ఏది చెబితే అదే. ఇంగ్లీషు ఇంత ఉదారంగా ఉండదు. ‘అండ్’ పెడితే బతిమాలడం జరిగిపోయినట్టు. ‘టు’ పెడితే అది ఉద్దేశం మాత్రమే, నోరు విప్పక ముందే ఎవరో లేవనెత్తి ఉండొచ్చు. ‘ఇంగ్’ పెడితే రెండూ ఒకేసారి. చైనీస్‌లో చెప్పకుండా వదిలేసినదాన్ని ఇంగ్లీషులో తేల్చి చెప్పాలి. ‘టు’ రావలసిన చోట చైనీస్ విద్యార్థి ‘అండ్’ రాసినా, ఏమీ రాయకపోయినా దాని వెనుక ఉన్నది ఈ అలవాటే.

చైనీస్‌కు గుర్తులు అసలే లేవనీ కాదు. “యోంగ్ జెగ బాన్‌ఫా లాయ్ జియెజ్యె వెన్‌తీ” అంటే ‘సమస్యను పరిష్కరించడానికి ఈ పద్ధతి వాడు’. నడుమనున్న ‘లాయ్’కు నిఘంటువు అర్థం ‘వచ్చు’. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ రావడం లేదు. పద్ధతికీ పరిష్కారానికీ మధ్య వంతెనగా అది నిలబడింది. ‘ఛ్యూ’ అనే ‘వెళ్లు’ కూడా ఇదే పని చేస్తుంది. కదలికను సూచించే మాటలు మెల్లగా ప్రయోజనాన్ని సూచించే మాటలుగా మారడం ప్రపంచ భాషల్లో తరచూ కనబడేదే. దిక్కు నుంచి ప్రయోజనానికి, ప్రయోజనం నుంచి వట్టి క్రియారూపానికి సాగే ఈ మార్గాన్ని మార్టిన్ హాస్పెల్‌మాత్ 1989లో వివరంగా చర్చించారు. ఇంగ్లీషు ‘టు’ నడిచిన బాట కూడా అదే. తేడా ఒక్కటే: చైనీస్‌లో ‘లాయ్’ను చాలాసార్లు తీసేసినా వాక్యానికి ఢోకా ఉండదు. ఇంగ్లీషులో ‘టు’ను తీసేస్తే వాక్యం కూలిపోతుంది.

‘వెయ్‌ల’ అంటే ‘ఇన్ ఆర్డర్ టు’ అనే సమీకరణం

ఉద్దేశాన్ని గట్టిగా, స్పష్టంగా చెప్పాలనుకున్నప్పుడు చైనీస్ వాడే మాట ‘వెయ్‌ల’. అసలు చిక్కు దీని దగ్గరే ఉంది. ఇది దేని ముందైనా నిలబడుతుంది. ‘వెయ్‌ల జియెన్‌కాంగ్’ అంటే ఆరోగ్యం కోసం. తర్వాత వచ్చింది నామవాచకం. ‘వెయ్‌ల కావ్ దాష్వె’ అంటే విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకోవడానికి. తర్వాత వచ్చింది క్రియ. ఉపవాక్యం వచ్చినా అభ్యంతరం లేదు. ఇంగ్లీషులో మూడు మాటలు పంచుకున్న పనిని ఇది ఒంటిచేత్తో చేస్తుంది.

బడిలో దీనికి నేర్పే ఇంగ్లీషు అర్థం తరచుగా ‘ఇన్ ఆర్డర్ టు’. ఆ జంట మనసులో స్థిరపడ్డాక “ఇన్ ఆర్డర్ టు మై హెల్త్, ఐ రన్ ఎవ్రీ డే” అనే వాక్యం రావడంలో ఆశ్చర్యం ఏముంది? విద్యార్థి దృష్టిలో అతను చేసింది సరైన అనువాదం. ‘ఇన్ ఆర్డర్ టు’ తర్వాత క్రియ మాత్రమే రావాలన్న షరతు ‘వెయ్‌ల’కు లేదు కదా. అదే ధోరణిలో “ఇన్ ఆర్డర్ టు ద స్టూడెంట్స్ క్యాన్ అండర్‌స్టాండ్” అని పూర్తి ఉపవాక్యాన్ని తెచ్చి తగిలిస్తారు. ‘వెయ్‌ల’ను ‘ఫర్’ అని గుర్తుంచుకున్నవారు దీనికి తిరుగు దారిలో నడిచి “ఫర్ పాస్ ద ఎగ్జామ్” అని రాస్తారు. పొరపాట్లు చూడటానికి వేర్వేరు, వేరు మాత్రం ఒకటే. అర్థాన్ని బట్టి మాటను ఎంచుకున్నారు తప్ప తర్వాత వచ్చేదాన్ని చూడలేదు.

చైనా మెట్రో స్టేషన్లలోనూ, లిఫ్టుల దగ్గరా కనబడే హెచ్చరికలు ‘వెయ్‌ల నిన్ ద ఆన్‌ఛ్వెన్’ అని మొదలవుతాయి. దాని కింద ఉండే ఇంగ్లీషు ‘ఫర్ యువర్ సేఫ్టీ’. ఇక్కడ తర్వాత వచ్చింది నామవాచకం కాబట్టి ‘ఫర్’ అచ్చంగా సరిపోయింది. రోజూ కళ్లబడే ఈ పలక పాఠ్యపుస్తకంలోని సమీకరణానికి మంచి విరుగుడు, ఎవరైనా దాన్ని తరగతిలో చూపిస్తే.

అలాగని ‘వెయ్’ ఉన్న ప్రతిచోటా ‘ఫర్’ వస్తుందనుకున్నా ప్రమాదమే. 1944 సెప్టెంబరు 8న మావో చేసిన ప్రసంగం నుంచి ప్రచారంలోకి వచ్చిన ‘వెయ్ రెన్‌మిన్ ఫూవూ’ నినాదం చైనాలో చిన్నపిల్లలకూ తెలుసు. బీజింగ్‌లో పాలకుల నివాస ప్రాంగణమైన జోంగ్‌నాన్‌హాయ్ ముఖద్వారం వద్ద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మాటకు మాటగా ‘ప్రజల కోసం సేవ’. దీని ఇంగ్లీషు రూపం ‘సర్వ్ ద పీపుల్’. ‘సర్వ్’ నేరుగా కర్మను తీసుకునే క్రియ, మధ్యలో ‘ఫర్’ ఇమడదు. “సర్వ్ ఫర్ ద పీపుల్” అని రాసే విద్యార్థి చెవిలో మోగుతున్నది ఆ ‘వెయ్’.

ఇక స్థానం సంగతి. ‘వెయ్‌ల’ భాగం చైనీస్‌లో సాధారణంగా ముందు వస్తుంది, అసలు పని తర్వాత వస్తుంది. ఇంగ్లీషులో ప్రయోజన భాగం ఎక్కువగా వెనుకే ఉంటుంది. ముందుకు తేవడం తప్పు కాదు. కానీ అలా తెచ్చినప్పుడు దాని పని మారిపోతుంది. పైన ప్రస్తావించిన శాండ్రా థాంప్సనే 1985లో ఇంగ్లీషు రచనల్లో ఈ రెండు స్థానాలనూ పోల్చారు. వెనుక వచ్చే ప్రయోజనం తన వాక్యంలోని క్రియకు కారణం చెప్పి ఊరుకుంటుంది. ముందు వచ్చేది అలా కాదు. అంతకుముందు జరిగిన చర్చలోంచి ఒక సమస్యను పైకి తీసి, రాబోయేది దానికి పరిష్కారమని పాఠకుడికి సూచిస్తుంది.

ప్రతి పేరానూ “ఇన్ ఆర్డర్ టు...” అని మొదలుపెట్టే వ్యాసం ఇంగ్లీషు పాఠకుడికి బరువుగా, ప్రభుత్వ ఉత్తర్వులా అనిపించడానికి కారణం ఇదే. వాక్యం వాక్యానికీ ఒక సమస్య లేస్తున్నట్టు వినబడుతుంది, కానీ లేచింది ఏమీ ఉండదు. ఒక్కో వాక్యాన్ని విడిగా చూస్తే తప్పు దొరకదు. ఎర్రసిరా పెట్టడానికి చోటు లేని లోపం ఇది, అందుకే ఏళ్ల తరబడి సరిదిద్దకుండా మిగిలిపోతుంది.

స్థానంతో పాటు కర్త చిక్కు కూడా వస్తుంది. “ఇన్ ఆర్డర్ టు ఇంప్రూవ్ అవర్ ఇంగ్లీష్, రీడింగ్ ఈజ్ ఇంపార్టెంట్”. మెరుగుపరచుకునేది మనం, వాక్యానికి కర్తేమో చదవడం. చైనీస్‌లో ముందు విషయాన్ని ప్రకటించి తర్వాత దాని గురించి వ్యాఖ్య చేయడం సహజం, కర్తను చెప్పకుండా వదిలేయడమూ సహజమే. ఇంగ్లీషు శైలి మార్గదర్శకులు మాత్రం ప్రయోజన భాగానికీ ప్రధాన వాక్యానికీ కర్త ఒకటే ఉండాలని కోరతారు. “వి షుడ్ రీడ్ మోర్ టు ఇంప్రూవ్ అవర్ ఇంగ్లీష్” అంటే వాక్యం తేలిక పడుతుంది, కర్త కుదురుకుంటుంది, ‘ఇన్ ఆర్డర్’ కూడా రాలిపోతుంది.

కర్తలు వేరైనప్పుడు చైనీస్ తీసే తాళంచెవి ‘రాంగ్’. ‘చేయనివ్వు’, ‘చేసేలా చూడు’ అని రెండర్థాలూ దానికి ఉన్నాయి. ‘వెయ్‌ల రాంగ్...’ అనే పలుకుబడి నేరుగా ఇంగ్లీషులోకి దిగితే “ఇన్ ఆర్డర్ టు లెట్ ద స్టూడెంట్స్ అండర్‌స్టాండ్” అవుతుంది. ‘లెట్’ అంటే అనుమతించడం. అర్థం చేసుకోవడానికి విద్యార్థులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడ కావలసింది ‘సో దట్’.

‘సో దట్’: ఒక మాట, రెండు పనులు

‘సో దట్’ ప్రయోజనాన్నీ చెబుతుంది, ఫలితాన్నీ చెబుతుంది. ‘అందరికీ వినబడాలని గట్టిగా మాట్లాడింది’ అన్నా, ‘గట్టిగా మాట్లాడింది, దాంతో అందరికీ వినబడింది’ అన్నా అదే మాట. తేడా చూపేది సహాయక క్రియ. ‘కుడ్ హియర్’ అంటే సాధారణంగా ఉద్దేశం. వట్టి ‘హర్డ్’ అంటే జరిగిపోయిన ఫలితం.

చైనీస్ రాతభాష ఈ రెంటినీ వేరుగా ఉంచుతుంది. ఉద్దేశానికి ‘యీబియెన్’, చెడు ఫలితానికి ‘యీజ్’. నిఘంటువులో ‘సో దట్’ ఎదురుగా రెండూ ఉండటంతో ఆ మాట ఏదో ఒకటే చేస్తుందనుకునే విద్యార్థికి అయోమయం. సహాయక క్రియ పెట్టాలని బడిలో చెబుతారు. ‘క్యాన్, కుడ్, మే, మైట్’ జాబితా కూడా ఇస్తారు. కానీ అది ఉద్దేశాన్ని ఫలితం నుంచి విడదీసే ముఖ్యమైన గుర్తు అని చెప్పేవారు తక్కువ. నియమంగా గుర్తున్నది మరుపున పడుతుంది, పని తెలిసినది నిలుస్తుంది.

కాలం ఇంకో మెలిక. చైనీస్‌లో ‘నెంగ్’ అంటే నిన్నటికైనా నేటికైనా ‘నెంగే’. అందుకే “ఐ లెఫ్ట్ ఎర్లీ సో దట్ ఐ క్యాన్ క్యాచ్ ద బస్” అని గతంలో బయలుదేరినవాడు వర్తమానంలో బస్సు పట్టుకుంటాడు. ‘లెఫ్ట్’తో ‘కుడ్’ రావాలి.

జరగకూడదని చెప్పడం

‘ఆలస్యం కాకుండా’, ‘జలుబు చేయకుండా’ అనడానికి చైనీస్‌లో ‘యీమియెన్’, ‘మియెన్‌ద’ అనే మాటలున్నాయి. తప్పించుకోవడమనే అర్థం వాటి కడుపులోనే ఉంది. విడిగా ‘కాదు’ అనాల్సిన పని లేదు. ఇంగ్లీషులో వ్యతిరేకాన్ని బయటికి తెచ్చి సరైన చోట పెట్టాలి: ‘సో యాజ్ నాట్ టు బి లేట్’, ‘ఇన్ ఆర్డర్ నాట్ టు బి లేట్’, ‘సో దట్ ఐ వుడెంట్ బి లేట్’.

ఇక్కడ ఇంగ్లీషే ఒక పక్షపాతం చూపుతుంది. ‘ఇన్ ఆర్డర్ టు’లోంచి మొదటి రెండు మాటలు తీసేసి వట్టి ‘టు’ వాడండి అని ఇచ్చే సలహా వ్యతిరేకంలో చెల్లదు. “ఐ గాట్ అప్ ఎర్లీ నాట్ టు బి లేట్” అంటే ఇంగ్లీషువారి చెవికి ఎబ్బెట్టు. ‘బి కేర్‌ఫుల్ నాట్ టు ఫాల్’ లాంటి కొద్ది చోట్ల మాత్రమే అది ఇముడుతుంది. ఎందుకిలా అని అడిగే చురుకైన విద్యార్థికి చాలా పుస్తకాలు జవాబు ఇవ్వవు. వట్టి ‘నాట్ టు’ వింటే అది దేన్ని కాదంటోందో తేలదు: ముందున్న పనినా, వెనుక ఉన్న ఉద్దేశాన్నా? ‘సో యాజ్’, ‘ఇన్ ఆర్డర్’ ఆ హద్దు గీస్తాయి.

చైనా వ్యాకరణ పుస్తకాలు ‘ప్రయోజన ఉపవాక్యాలు’ అనే శీర్షిక కింద ‘సో దట్’, ‘ఇన్ ఆర్డర్ దట్’లతో పాటు ‘లెస్ట్’, ‘ఫర్ ఫియర్ దట్’, ‘ఇన్ కేస్’లను ఒకే వరుసలో కూర్చోబెడతాయి. ‘లెస్ట్’ నేటి మాటల్లో దాదాపు వినబడదు, పుస్తక భాషకే పరిమితం. ‘ఇన్ కేస్’ పరిస్థితి వేరు, దానికి ఈ వరుసలో చోటు ఉండటమే సందేహాస్పదం. వాన వస్తుందేమోనని గొడుగు తీసుకెళ్లేవాడు ‘ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటాడు. గొడుగు వానను ఆపదు. ‘సో దట్ ఇట్ వోంట్ రెయిన్’ అంటే మాత్రం ఆపుతుందని నమ్మినట్టే. ‘ఇన్ కేస్’ చెప్పేది ముందుజాగ్రత్తను, ‘సో దట్ నాట్’ చెప్పేది నివారణను. చైనీస్‌లో మొదటిదానికి ‘యీఫాంగ్’ అనే మాట వేరే ఉంది. ‘లెస్ట్’ పక్కన ‘ఇన్ కేస్’ను చేర్చిన జాబితా విద్యార్థికి తన భాషలోనే తెలిసిన ఆ తేడాను చెరిపేస్తోంది.

పరీక్షలకు ఇష్టమైన ఉచ్చులు

‘స్టాప్ టు స్మోక్’, ‘స్టాప్ స్మోకింగ్’ మధ్య తేడా చైనా ప్రశ్నపత్రాల్లో పాత కాపు. మొదటిది పొగ తాగడానికి ఆగడం, రెండోది పొగ మానేయడం. నిజానికి చైనీస్ ఇక్కడ సాయం చేస్తుంది. నడుస్తున్నది ఆగడానికి ‘తింగ్ షియాలాయ్’, చేస్తున్నది మానడానికి ‘తింగ్‌జ్’ అని ఆ భాషలో రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీషు నియమాన్ని బట్టీ పట్టించే ముందు ఈ జంటను గుర్తు చేస్తే సగం పని అయిపోతుంది.

‘యూజ్డ్ టు’ ఇంకో ఉచ్చు. ఒకప్పటి అలవాటు, ఇప్పుడు అలవాటు పడటం, ఫలానా పనికి ఉపయోగపడటం అనే మూడు అర్థాలు చూడటానికి ఒకేలా ఉండే మూడు రూపాల్లో ఉంటాయి. ప్రయోజనంతో సంబంధం ఉన్నది చివరిదానికే. ‘ఓన్లీ టు ఫైండ్’ మరొకటి: పరుగున స్టేషనుకు చేరాడు, తీరా చూస్తే రైలు వెళ్లిపోయింది. ‘టు’ ఉంది కానీ ఎవరూ రైలు తప్పిపోవాలని పరుగెత్తరు. రూపం ప్రయోజనానిది, అర్థం ఊహించని ఫలితానిది.

వాక్యం మొదట్లో ‘సో యాజ్ టు’ రాకూడదన్న నియమం కూడా బాగా వాడుకలో ఉంది. అక్కడ అది అరుదు అన్నది నిజం. ఒక అరుదైన వాడుక చుట్టూ అన్ని ప్రశ్నలు అల్లడం మాత్రం ప్రశ్నపత్రం తయారుచేసేవారి సౌకర్యానికే ఎక్కువ పనికొస్తుంది.

తెలుగు పక్కన పెట్టి చూస్తే

ఈ విషయంలో తెలుగువారి పరిస్థితి చైనీస్ వారి కంటే కొంత మెరుగు. ‘హైదరాబాదుకు వెళ్లాడు’, ‘చూడడానికి వెళ్లాడు’: చేరే చోటుకూ, చేసే పనికీ ఒకే ‘కి/కు’. ఇంగ్లీషు ‘టు’ కూడా సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. ఒక క్రియ మరో క్రియ కోసం జరుగుతోందని గుర్తు పెట్టాలన్న స్పృహ మన వ్యాకరణ సంప్రదాయంలో మొదటి నుంచీ ఉంది. పాణిని ‘తుమున్’ ప్రత్యయాన్ని విధించింది అలాంటి సందర్భానికే. తెలుగు వ్యాకరణాల్లో ‘తుమున్నర్థకం’ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. ‘చూడ వచ్చెను’ అన్న పాత తెలుగు రూపం దానికి ఉదాహరణ.

కానీ ‘చూడడానికి’లో ‘చూడడం’ నామవాచకంలా ప్రవర్తిస్తుంది. కనుక తెలుగు విద్యార్థి జారేది మరో వైపు: “ఐ కేమ్ ఫర్ సీయింగ్ యు”. చైనీస్ విద్యార్థికి క్రియను నామవాచకంగా మార్చే ప్రత్యయం అలవాటు లేదు కాబట్టి “ఫర్ సీ యు” అనే రూపం అతనికి దగ్గర. రెండూ తప్పులే అయినా ఏ తప్పు ఎవరిదో చూడగానే పోల్చుకోవచ్చు.

‘సో దట్’ దగ్గర తెలుగుకు ఇంకో వెసులుబాటు. ‘పిల్లలు చదువుకోవాలని పట్నం చేరారు’ అన్న వాక్యంలో కర్త వేరు, క్రియకు ‘ఆలి’ తగిలింది, ‘అని’ అతికించింది. ఇంగ్లీషు సహాయక క్రియ చేసే పనే ‘ఆలి’ చేస్తోంది. చైనీస్‌లో అలాంటి నిర్బంధం లేదు. చైనాలో వైద్యవిద్యకు వెళ్లిన తెలుగు విద్యార్థులకు అక్కడి సహాధ్యాయుల ఇంగ్లీషులో ‘కుడ్’ లేని ‘సో దట్’ వినబడితే దాని వెనుక ఉన్నది ఈ తేడాయే.

బోధనలో ఏం మారవచ్చు

మొదట మారాల్సింది వరుస. ‘ఇన్ ఆర్డర్ టు’తో మొదలుపెట్టి, తర్వాత ‘టు’ను దాని సంక్షిప్త రూపంగా చెప్పడం తలకిందుల పని. రోజువారీ ఇంగ్లీషులో ఉద్దేశాన్ని మోసేది వట్టి ‘టు’. ‘ఇన్ ఆర్డర్’ చేరేది నొక్కి చెప్పాల్సినప్పుడో, ‘టు’ ఒక్కటే ఉంటే అర్థం తికమక పడినప్పుడో, వ్యతిరేకంలోనో. కాబట్టి అది చివర రావచ్చు.

రెండోది, అర్థం నుంచి కాక ఆకారం నుంచి నేర్పడం. ‘వెయ్‌ల’తో మొదలయ్యే పది చైనీస్ వాక్యాలు ఇచ్చి, ఇంగ్లీషులోకి మార్చమనకుండా, ముందు ‘వెయ్‌ల’ తర్వాత వచ్చింది నామవాచకమా, క్రియా, కర్తతో కూడిన ఉపవాక్యమా అని గుర్తించమంటే చాలు. మాతృభాషలోనే ఎప్పుడూ చూడని గీత ఒకటి విద్యార్థికి అక్కడ కనబడుతుంది. ‘వెయ్‌ల జియెన్‌కాంగ్’ దగ్గర ‘ఫర్’, ‘వెయ్‌ల కావ్ దాష్వె’ దగ్గర ‘టు’, ‘వెయ్‌ల రాంగ్’ దగ్గర ‘సో దట్’ తమంతట తామే వచ్చి కూర్చుంటాయి. ‘వెయ్‌ల’ లేని వరుస వాక్యాలకు ఇంకో ప్రశ్న అవసరం: రెండో పని జరిగిందా, జరగాలని ఉద్దేశమా? జరిగిందంటే ‘అండ్’, ఉద్దేశమంటే ‘టు’.

పరీక్షల తీరు కూడా దీనిపై ప్రభావం చూపుతుంది. ఖాళీ పూరించే ప్రశ్నలో క్రియ ముందే ఇచ్చి ఉంటుంది, రూపం మార్చితే చాలు. ఏ మాట ఎంచుకోవాలన్న అసలు నిర్ణయం విద్యార్థి చేతికి రాదు. కొత్త తరహా గావ్‌కావ్ పత్రాల్లో సగం కథ ఇచ్చి మిగతాది రాయమనే ప్రశ్నకు 25 మార్కులు కేటాయించారు. కథలో మనుషులు తలుపు తీయడానికి లేస్తారు, సాయం అడగడానికి పరుగెత్తుతారు, ఏడుపు కనబడకుండా మొహం తిప్పుకుంటారు. అలాంటి చోట వాక్యం ముందు ‘ఇన్ ఆర్డర్ టు’ పెడితే కథ అక్కడే ఆగిపోతుంది. వ్యాసంలో చెల్లిపోయిన అలవాటు కథలో చెల్లదు కనుక, ఉపాధ్యాయులు వట్టి ‘టు’కు, వాక్యం చివరి స్థానానికి ఎక్కువ సమయం ఇవ్వాల్సి రావచ్చు.